ఉబుంటు అప్‌గ్రేడ్ తర్వాత ‘గ్రబ్ రెస్క్యూ’ దగ్గర ఆగిపోయిందా? ఫార్మాట్ ఆపి, ముందు పాత డిస్క్ నుంచి బూట్ చేసి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. యూఈఎఫ్ఐ (బయోస్‌కు బదులుగా వచ్చిన కొత్త పద్ధతి) లేని పాత ల్యాప్‌టాప్. హార్డ్ డిస్క్ స్లోగా ఉందని షాపులో ఎస్‌ఎస్‌డీ వేయించారు. వాళ్లు పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు దాని మీదకి క్లోన్ చేసిచ్చారు. పాత డిస్క్‌ను డీవీడీ డ్రైవ్ ఉన్న చోట క్యాడీలో (డిస్క్ బిగించే చట్రంలో) పెట్టించుకుని, అందులోని పార్టిషన్లు ఫార్మాట్ చేసి సినిమాలకీ ఫొటోలకీ వాడుతున్నారు. ఉబుంటు, విండోస్ 10 రెండూ ఎస్‌ఎస్‌డీలోనే ఉన్నాయి. మొన్న ఉబుంటు 22.04 నుంచి 24.04కి అప్‌గ్రేడ్ చేశారు. ఎర్రర్ ఏమీ లేకుండా పూర్తయింది. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద ‘సింబల్ ... నాట్ ఫౌండ్’ అని ఒక లైను, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అని ప్రాంప్ట్. ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, ఫ్రెండ్స్ ఏమో ఫార్మాట్ కొట్టేయమంటున్నారు.

ఫార్మాట్ అక్కర్లేదు. మీ ఫైళ్లకు ఏమీ కాలేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి, అప్‌గ్రేడ్‌లో వచ్చిన కొత్త బూట్‌లోడర్ (ఆన్ చేయగానే ఉబుంటును లేపే ప్రోగ్రామ్, దాని పేరే గ్రబ్) ఎస్‌ఎస్‌డీ మొదట్లో పడాల్సింది పోయి క్యాడీలో ఉన్న పాత డిస్క్ మొదట్లో పడింది. కాబట్టి మొదట ఇలా చేయండి. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే బూట్ మెనూ కీ నొక్కండి. కొన్నిటికి ఎఫ్12, కొన్నిటికి ఎఫ్9, కొన్నిటికి ఎస్కేప్. ఆ మెనూలో ఎస్‌ఎస్‌డీ కాకుండా పాత హార్డ్ డిస్క్‌ను ఎంచుకోండి. సినిమాల డిస్క్ నుంచి ఉబుంటు ఎలా వస్తుందని అనుమానం వద్దు, కారణం కింద చెబుతాను. నా అంచనా సరైతే గ్రబ్ మెనూ వచ్చి, మీ 24.04 మామూలుగా లేస్తుంది.

లేచిందంటే సగం పని అయినట్టే. టెర్మినల్ తెరిచి ఈ కమాండ్ ఇవ్వండి. (కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే.)

సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ

ఒకటి రెండు ప్రశ్నలు అడుగుతుంది, వాటికి ఉన్న జవాబులే ఉంచి ఎంటర్ కొట్టండి. తర్వాత గ్రబ్‌ను ఏ డిస్క్ మీద పెట్టాలో అడుగుతూ ఒక లిస్ట్ వస్తుంది. అక్కడ పాత డిస్క్‌కు టిక్ ఉండటం మీకే కనిపిస్తుంది. స్పేస్ బార్‌తో ఎస్‌ఎస్‌డీకి టిక్ పెట్టండి, పాత దానికి తీసేయండి, ట్యాబ్ నొక్కి ఓకే. ఆ లిస్ట్‌లో డిస్క్‌లతో పాటు పార్టిషన్లు కూడా కనపడవచ్చు. పేరు చివర అంకె ఉన్నవి పార్టిషన్లు, వాటి జోలికి వెళ్లొద్దు. మీకు కావలసింది ఎస్‌డీఏ లేదా ఎస్‌డీబీ, అంతేగానీ ఎస్‌డీఏ1 కాదు. విండోస్ పార్టిషన్‌కు పొరపాటున టిక్ పెడితే దాని బూట్ సెక్టర్ మీద చెయ్యి పెట్టినట్టు, అప్పుడు ఇంకో తలనొప్పి.

ఎస్‌డీఏ ఏదో ఎస్‌డీబీ ఏదో గుర్తులు పెట్టుకోకండి. ఈ పేర్లు బూట్‌కీ బూట్‌కీ తారుమారు కావచ్చు, మీరు వేరే డిస్క్ నుంచి బూట్ చేస్తున్నప్పుడు మరీను. ‘ఎల్ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,రోటా,మోడల్,సైజ్’ కమాండ్ ఇవ్వండి. రోటా దగ్గర 0 ఉంటే ఎస్‌ఎస్‌డీ, 1 ఉంటే తిరిగే డిస్క్. సైజూ మోడలూ రెండూ సరిచూసుకున్నాకే టిక్ పెట్టండి.

అది ‘ఇన్‌స్టలేషన్ ఫినిష్డ్, నో ఎర్రర్ రిపోర్టెడ్’ అన్నాక రీస్టార్ట్ చేసి, ఈసారి ఏ కీ నొక్కకుండా వదిలేయండి. బయోస్‌లో ఎస్‌ఎస్‌డీయే మొదటి బూట్ డిస్క్‌గా ఉందని కూడా ఒకసారి చూసుకోండి.

ఎందుకిలా జరిగింది

మీలాంటి బయోస్ మిషన్లలో గ్రబ్ ఒకే చోట ఉండదు, రెండు ముక్కలుగా ఉంటుంది. డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టర్, అంటే ఎంబీఆర్, 512 బైట్లు. అందులో పార్టిషన్ టేబుల్‌కు 64 బైట్లు, చివరి గుర్తుకు 2 బైట్లు పోగా బూట్ కోడ్‌కు మిగిలేది 446 బైట్లే. అంతలో గ్రబ్ మొత్తం ఇమడదు కాబట్టి, ఆ చిన్న కోడ్ చేసే పనల్లా దాని వెనకాల, మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీలో దాచిన ‘కోర్ ఇమేజ్’‌ను పైకి తేవడం. ఆ కోర్ ఇమేజ్ లేచి, ఉబుంటు పార్టిషన్‌లోని బూట్ ఫోల్డర్‌లో ఉన్న గ్రబ్ మాడ్యూళ్లను లోడ్ చేసుకుంటుంది. మెనూ చూపించే ‘నార్మల్’ మాడ్యూల్ అందులో ఒకటి. కోర్ ఇమేజ్, మాడ్యూళ్లు ఒకే వెర్షన్‌వి అయి ఉండాలి. పాత కోర్, కొత్త మాడ్యూళ్లు కలిస్తే, ఫలానా ఫంక్షన్ నీలో లేదేమిటని మాడ్యూల్ అడుగుతుంది. అదే మీరు చూసిన ‘సింబల్ నాట్ ఫౌండ్’. మెనూ మాడ్యూలే లోడ్ కాలేదు కాబట్టి గ్రబ్ రెస్క్యూలో నిలబడిపోతుంది.

మరి రెండూ వేరే వేరే వెర్షన్లు ఎలా అయ్యాయి? గ్రబ్-పీసీ ప్యాకేజీ తనను ఏ డిస్క్ మీద పెట్టాలో మొదటిసారి తెలుసుకుని డెబ్‌కాన్ఫ్ అనే డేటాబేస్‌లో రాసి పెట్టుకుంటుంది. రాసేది ఎస్‌డీఏ అని కాదు, డిస్క్ మోడల్, సీరియల్ నంబర్ కలిసిన ఐడీ. మీ ఎస్‌ఎస్‌డీ క్లోన్ కాబట్టి ఆ డేటాబేస్ కూడా పాత డిస్క్ సీరియల్‌తో సహా దాని మీదకి వచ్చేసింది. ఇల్లు మారినా ఆధార్‌లో పాత అడ్రసే ఉండిపోయినట్టు. ఆ పాత డిస్క్ ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. కాబట్టి అప్‌గ్రేడ్ అప్పుడు గ్రబ్‌కు అనుమానం రాలేదు, మిమ్మల్ని అడగాల్సిన అవసరమూ రాలేదు. మాడ్యూళ్లు ఎస్‌ఎస్‌డీలోని బూట్ ఫోల్డర్‌లోకి వెళ్లాయి, కోర్ ఇమేజ్ సినిమాల డిస్క్ మొదట్లోకి వెళ్లింది. రెండూ విజయవంతమే కాబట్టి ఎర్రర్ ఏదీ రాలేదు.

క్లోన్ చేసి ఇన్నాళ్లయినా బాగానే నడిచింది కదా అంటారా? క్లోన్‌తో పాటు ఎంబీఆర్, దాని వెనక ఖాళీలోని కోర్ ఇమేజ్ కూడా వచ్చాయి, ఆ కాపీయే ఇన్నాళ్లూ పనిచేసింది. 22.04లో గ్రబ్ వెర్షన్ 2.06. ఆ లోపల వచ్చే చిన్న చిన్న అప్‌డేట్లకు కూడా కోర్ తప్పు డిస్క్‌కే వెళ్లి ఉంటుంది, కానీ ఫంక్షన్ల పేర్లు మారలేదు కాబట్టి బయటపడలేదు. 24.04తో వచ్చింది 2.12. అక్కడ పొసగలేదు. ఇలాంటిదే 2020 జులై చివర్లో పెద్ద ఎత్తున జరిగింది. గ్రబ్‌లో బూట్‌హోల్ అనే భద్రతా లోపం బయటపడి పెద్ద లినక్స్ డిస్ట్రిబ్యూషన్లన్నీ హడావిడిగా అప్‌డేట్లు వదిలాయి. అప్పుడు డెబ్‌కాన్ఫ్‌లో తప్పు డిస్క్ ఉన్న మిషన్లు చాలా ‘సింబల్ గ్రబ్_క్యాలక్ నాట్ ఫౌండ్’ అంటూ ఆగిపోయాయి. అందరూ అప్‌డేట్‌ను తిట్టుకున్నారు గానీ, చాలామందికి అసలు గొడవ ఈ డిస్క్ ఐడీలోనే ఉంది.

పాత డిస్క్ నుంచి బూట్ చేయమన్న కారణం కూడా ఇదే. గ్రబ్ తన మాడ్యూళ్లు ఉన్న డిస్క్ మీద కాకుండా వేరే డిస్క్ మీద ఇన్‌స్టాల్ అయినప్పుడు, మాడ్యూళ్లు ఉన్న పార్టిషన్ యూయూఐడీని (ఆ పార్టిషన్ గుర్తింపు సంఖ్యను) కోర్ ఇమేజ్‌లోనే రాసి పెట్టుకుని, బూట్ సమయంలో ఆ నంబర్ కోసం డిస్క్‌లన్నీ వెతుకుతుంది. కాబట్టి సినిమాల డిస్క్‌లోని కొత్త కోర్‌కు ఎస్‌ఎస్‌డీలోని కొత్త మాడ్యూళ్లు దొరుకుతాయి, రెండూ 2.12 కాబట్టి కలుస్తాయి.

నెట్‌లో వెతికితే గ్రబ్ రెస్క్యూకి ఒకటే మందు కనిపిస్తుంది: ‘ఎల్ఎస్’ కొట్టి పార్టిషన్ కనుక్కుని, ప్రిఫిక్స్, రూట్ సెట్ చేసి, ‘ఇన్స్‌మాడ్ నార్మల్’, ఆ తర్వాత ‘నార్మల్’. మీరు కూడా ఇప్పటికే ప్రయత్నించి ఉంటారు. మీ కేసులో అది పనిచేయదు. ఆ చిట్కా గ్రబ్‌కు తన ఫోల్డర్ ఎక్కడుందో తెలియనప్పుడు, అంటే ‘నో సచ్ పార్టిషన్’ లాంటి ఎర్రర్ వచ్చినప్పుడు పనికొస్తుంది. మీ గ్రబ్‌కు ఫోల్డర్ దొరికింది, అందులోని ఫైలే దానికి సరిపడలేదు. ఎన్నిసార్లు ఇన్స్‌మాడ్ అన్నా అదే ఎర్రర్ వస్తుంది. కాబట్టి రాత్రంతా ఆ ప్రాంప్ట్ ముందు కూర్చుని టెన్షన్ పడొద్దు.

పాత డిస్క్ నుంచి బూట్ కాకపోతే

కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్ డీవీడీ స్లాట్‌లోని డిస్క్‌ను బూట్ మెనూలో చూపించదు. లేదా మీరు ఫార్మాట్ చేసినప్పుడు పార్టిషన్ టేబుల్‌ను కూడా జీపీటీకి (కొత్త రకం పార్టిషన్ టేబుల్‌కు) మార్చి ఉంటే, గ్రబ్‌కు అక్కడ కోర్ ఇమేజ్ పెట్టుకునే ఖాళీ దొరికి ఉండదు (కాకపోతే అప్పుడు అప్‌గ్రేడ్‌లోనే ఎర్రర్ కనపడేది). అలాంటప్పుడు ఫ్రెండ్ దగ్గర 24.04 లైవ్ పెన్‌డ్రైవ్ తయారు చేయించుకుని ‘ట్రై ఉబుంటు’తో లేపండి. ఇన్‌స్టాల్ బటన్ వైపు వెళ్లొద్దు.

టెర్మినల్‌లో ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టి ఉబుంటు ఉన్న ఈఎక్స్‌టీ4 పార్టిషన్ ఏదో చూడండి. దాన్ని ఎంఎన్‌టీ ఫోల్డర్‌కు మౌంట్ చేయండి. బూట్‌కు విడిగా పార్టిషన్ ఉంటే దాన్ని ఎంఎన్‌టీ లోపలి బూట్ ఫోల్డర్‌కు మౌంట్ చేయాలి. ఇది మర్చిపోతే గ్రబ్ ఖాళీ ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంటుంది, అంతా అయిందనుకుని రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే తెర. తర్వాత లైవ్ సిస్టమ్‌లోని డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లను ‘మౌంట్ --బైండ్’తో ఎంఎన్‌టీ లోపలి అవే పేర్లకు తగిలించి, ‘సుడో క్రూట్’ (టైప్ చేసేది సీహెచ్‌రూట్ అని) ఇచ్చి ఎంఎన్‌టీలోకి వెళ్లండి. అక్కడి నుంచి మీరున్నది మీ సొంత ఉబుంటులోనే అనుకోవచ్చు. పైన చెప్పిన డీపీకేజీ-రీకాన్ఫిగర్ కమాండే ఇక్కడా ఇవ్వండి.

చాలా గైడ్లు ఇక్కడ ‘గ్రబ్-ఇన్‌స్టాల్’ ఒక్కటే ఇచ్చి వదిలేస్తాయి. దానితో ఇప్పటికి మిషన్ లేస్తుంది. కానీ డెబ్‌కాన్ఫ్‌లో పాత డిస్క్ ఐడీ అలాగే ఉంటుంది, తర్వాతి పెద్ద అప్‌డేట్‌కు మీరు మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు. రీకాన్ఫిగర్ చేస్తే గ్రబ్ ఇన్‌స్టాల్ అవుతుంది, అడ్రస్ కూడా మారుతుంది.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మౌంట్‌కు ముందు ‘క్రిప్ట్‌సెటప్ ఓపెన్’, ఎల్‌వీఎం (డిస్క్ జాగాను కలిపి పంచుకునే పద్ధతి) ఉంటే ‘వీజీఛేంజ్ -ఏవై’ అవసరం. మీకు రెండూ ఉన్నట్టు లేవు.

ఒక జాగ్రత్త. క్లోన్ చేసిన డిస్క్‌ను ఫార్మాట్ చేయకుండా ‘బ్యాకప్‌గా ఉంటుందిలే’ అని అలాగే ఉంచేసేవాళ్లున్నారు. అప్పుడు రెండు డిస్క్‌ల పార్టిషన్లకూ ఒకే యూయూఐడీ ఉంటుంది. సిస్టమ్ ఏ డిస్క్‌ను మౌంట్ చేస్తుందో ఆ రోజు దాని ఇష్టం. అప్‌గ్రేడ్ ఒక డిస్క్ మీద జరిగి, తర్వాతి బూట్‌లో రెండోది లేచి, ‘నా ఫైళ్లు మాయమయ్యాయి’ అని వచ్చినవాళ్లను చూశాను. వాళ్లు మాత్రం ఏ కమాండూ ఇవ్వకముందే రెండో డిస్క్‌ను బయటికి తీయాలి. మీరు ఫార్మాట్ చేశారు కాబట్టి మీకు ఈ బెడద లేదు.

ఇంకొకటి, మీలా పాత డిస్క్ ఉంచుకోకుండా తీసేసినవాళ్లది. వాళ్లకు అప్‌గ్రేడ్ మధ్యలో గ్రబ్ ప్రశ్న అడుగుతుంది, ఎందుకంటే రాసిపెట్టుకున్న ఐడీ దొరకదు. చాలామంది దాన్ని చదవకుండా ఎంటర్ కొట్టేస్తారు. ‘గ్రబ్ ఇన్‌స్టాల్ చేయకుండానే కొనసాగించాలా’ అని ఇంకోసారి అడిగితే దానికీ ఎస్ అనేస్తారు. ఫలితం అదే. నేను పనిచేసిన ఒక కాలేజీ ల్యాబ్‌లో మిషన్లన్నిటినీ ఒకే మాస్టర్ ఇమేజ్ నుంచి క్లోన్ చేశారు. అంటే ప్రతి మిషన్‌లోనూ డెబ్‌కాన్ఫ్‌లో ఉన్నది ఆ మాస్టర్ డిస్క్ సీరియలే. అక్కడ నేను అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు ప్రతి మిషన్‌లోనూ ‘సుడో డెబ్‌కాన్ఫ్-షో గ్రబ్-పీసీ’ కొట్టి ‘ఇన్‌స్టాల్ డివైసెస్’ లైను చూసేవాణ్ని. అందులోని సీరియల్ ఆ మిషన్ డిస్క్‌ది కాకపోతే ముందు రీకాన్ఫిగర్, తర్వాతే అప్‌గ్రేడ్. అర నిమిషం పని.

ఇదే తెర కాకుండా వేరేది కనిపిస్తున్నవాళ్లకు

అప్‌గ్రేడ్ తర్వాత బూట్ కాలేదని అందరూ ఒకే మాట అంటారు గానీ, ఆగిన చోటు వేరైతే మందు కూడా వేరు.

‘గ్రబ్ రెస్క్యూ’ కాకుండా ఉత్త ‘గ్రబ్’ ప్రాంప్ట్ వస్తే పరిస్థితి చాలా మెరుగు. గ్రబ్ పూర్తిగా లోడ్ అయింది, దాని మెనూ ఫైలే దొరకలేదు. ‘సెట్ రూట్’తో పార్టిషన్ చెప్పి, ‘లినక్స్’ లైన్‌లో కెర్నెల్ (ఉబుంటుకు గుండెకాయ లాంటి ఫైలు) పేరూ రూట్ పార్టిషనూ, ‘ఇనిట్ఆర్‌డీ’ లైన్‌లో దాని ఫైలు ఇచ్చి, ‘బూట్’ అంటే లేస్తుంది. ట్యాబ్ కీ ఫైళ్ల పేర్లు పూర్తి చేస్తుంది. లేచాక ‘అప్‌డేట్-గ్రబ్’.

గ్రబ్ మెనూ వచ్చి, ఉబుంటు ఎంచుకున్నాక కెర్నెల్ ప్యానిక్, ‘అన్ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్’ అని వస్తే అసలు తప్పు బూట్‌లోడర్‌ది కాదు. ఎక్కువసార్లు బూట్ పార్టిషన్ నిండిపోయి, కొత్త కెర్నెల్‌కు కావలసిన ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో కెర్నెల్ వాడుకునే ఫైలు) తయారు కాకపోవడమే కారణం. ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్న ఆఫీసు ల్యాప్‌టాప్‌లలో బూట్ పార్టిషన్ చిన్నగా విడిగా ఉంటుంది కాబట్టి నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి పాత కెర్నెల్‌తో లేపండి, ‘డీఎఫ్ -హెచ్’తో బూట్ ఎంత నిండిందో చూడండి, ‘ఏపీటీ ఆటోరిమూవ్ --పర్జ్’తో పాత కెర్నెళ్లు తీసేయండి, ఆ తర్వాత ‘అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -సీ -కే’ని కొత్త కెర్నెల్ వెర్షన్‌తో ఇచ్చి, అప్‌డేట్-గ్రబ్ చేయండి. బూట్ ఫోల్డర్‌లోని ఫైళ్లను చేత్తో డిలీట్ చేయొద్దు, ప్యాకేజీ లెక్కలు చెడిపోతాయి.

అంతా బాగానే లేచి మెనూలో విండోస్ మాత్రం కనపడకపోతే కంగారు వద్దు, విండోస్ ఎక్కడికీ పోలేదు. గ్రబ్ 2.06 నుంచి వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను భద్రత పేరుతో డీఫాల్ట్‌గా ఆపేశారు. ఈటీసీ కింద డీఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైలులో ‘గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్’ అని చేర్చి (ఫాల్స్ తప్ప మిగతాదంతా పెద్ద అక్షరాల్లో), అప్‌డేట్-గ్రబ్ చేస్తే వస్తుంది. మీకూ ఇది ఎదురుకావచ్చు.

యూఈఎఫ్ఐ మిషన్లలో ఎంబీఆర్ కథే ఉండదు. అక్కడ గ్రబ్ ఫ్యాట్32 ఈఎఫ్ఐ పార్టిషన్‌లో మామూలు ఫైలుగా ఉంటుంది, ఏ ఫైలును లేపాలో మదర్‌బోర్డు ఎన్‌వీర్యామ్‌లో (కరెంటు పోయినా చెరగని చిన్న మెమరీలో) రాసి ఉంటుంది. అప్‌గ్రేడ్ తర్వాత నేరుగా విండోస్‌లోకి వెళ్తుంటే చాలాసార్లు బూట్ వరస ఒక్కటే మారి ఉంటుంది. బయోస్ సెటప్‌లోనో ‘ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్’తోనో ఉబుంటును పైకి తెస్తే చాలు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బాగు చేయాల్సి వస్తే దాన్ని కూడా యూఈఎఫ్ఐ మోడ్‌లోనే లేపాలి. సిస్ కింద ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే సరైన మోడ్‌లో ఉన్నట్టు. లెగసీ (పాత బయోస్) మోడ్‌లో లేపి గ్రబ్-ఇన్‌స్టాల్ కొట్టి, ‘ఈఎఫ్ఐ వేరియబుల్స్ ఆర్ నాట్ సపోర్టెడ్’ అని వచ్చిందని బాధపడేవాళ్లే ఎక్కువ.

‘వెరిఫైయింగ్ షిమ్ ఎస్‌బాట్ డేటా ఫెయిల్డ్’ అని వస్తే అది మీ లినక్స్ అప్‌గ్రేడ్ వల్ల కాకపోవచ్చు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ పాత షిమ్ (గ్రబ్ కంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామ్) వెర్షన్లను నిరాకరించేలా ఫర్మ్‌వేర్‌లో ఒక విధానాన్ని రాసింది, డ్యూయల్ బూట్ మిషన్లు చాలా ఇరుక్కున్నాయి. సెక్యూర్ బూట్‌ను (సంతకం ఉన్న బూట్ ప్రోగ్రాములనే ఒప్పుకునే రక్షణను) తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి ‘సుడో మోక్‌యుటిల్ --సెట్-ఎస్‌బాట్-పాలసీ డిలీట్’ ఇచ్చి, ఒకసారి మళ్లీ లినక్స్‌లోకే బూట్ చేసి, షిమ్ ప్యాకేజీని అప్‌డేట్ చేసి, అప్పుడు సెక్యూర్ బూట్ తిరిగి ఆన్ చేయాలి. ఫెడోరా వాడేవాళ్లు యూఈఎఫ్ఐలో గ్రబ్2-ఇన్‌స్టాల్ కొట్టకండి. అక్కడ షిమ్, గ్రబ్2-ఈఎఫ్ఐ ప్యాకేజీలను డీఎన్‌ఎఫ్‌తో రీఇన్‌స్టాల్ చేయడమే పద్ధతి.

బూట్-రిపేర్ అనే టూల్ గురించి ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. దాని రిపోర్ట్ నాకు ఇష్టం, ఏ డిస్క్‌లో ఏముందో చక్కగా రాసిస్తుంది. కానీ రెండు డిస్క్‌లు ఉన్న మిషన్‌లో ‘రికమెండెడ్ రిపేర్’ బటన్ కళ్లు మూసుకుని నొక్కమని నేను చెప్పను.

మీ ప్రాజెక్ట్ ఫైళ్ల మీద అంత బెంగ ఉంటే, లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచినప్పుడు ముందు హోమ్ ఫోల్డర్‌ను బయటి డిస్క్‌కు కాపీ చేసుకుని తర్వాతే గ్రబ్ పని మొదలుపెట్టండి. పాత డిస్క్ నుంచి బూట్ కాకపోతే, లైవ్‌లో ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ అవుట్‌పుట్, క్రూట్ లోపల డెబ్‌కాన్ఫ్-షో గ్రబ్-పీసీ అవుట్‌పుట్ రెండూ ఇక్కడ పెట్టండి. ఫొటో తీసి పెట్టినా చాలు, అక్షరాలు కనపడేలా.